ఆసియా భద్రత మీద ఎవరి మాట ఎందుకు వినాలి: నిపుణుల వృత్తి నేపథ్యాల పోలిక

పత్రికలో వ్యాసం కింద గానీ, టీవీ చర్చలో పేరు పక్కన గానీ ‘రక్షణ రంగ నిపుణులు’ అన్న మాట పడితే చాలు, దాన్ని ఒక వృత్తి పేరుగానే తీసుకుంటాం. ఆ మాట వెనుక ముప్పై అయిదేళ్లు సైన్యంలో గడిపినవారు ఉంటారు, బీజింగ్‌లోనో టోక్యోలోనో రాయబారిగా పనిచేసినవారు ఉంటారు, చైనా భాష నేర్చుకుని సైనిక పత్రాల మధ్యే సగం జీవితం గడిపిన ఆచార్యులు ఉంటారు, నిఘా సంస్థల్లో పనిచేసి పదవీ విరమణ తర్వాత మాత్రమే నోరు విప్పినవారు ఉంటారు, బడ్జెట్ పద్దులు తప్ప మరొకటి పట్టించుకోని లెక్కల మనుషులూ ఉంటారు. వీరందరినీ ఒకే గాటన కట్టి, దొరికినవారిని దొరికిన ప్రశ్న అడగడం వల్ల, ఫిరంగి సంగతి తెలిసిన మనిషి చేత ఒప్పందపు పరిభాషను, ఒప్పందం రాసిన మనిషి చేత ఫిరంగి సంగతిని చెప్పించుకుంటున్నాం. సదస్సుకు వక్తను వెతికేవారికీ, వ్యాసం రాయించుకునే సంపాదకులకూ, ఎవరి పుస్తకం ముందు తెరవాలో తేల్చుకోలేని విద్యార్థికీ పనికొచ్చేలా ఈ నేపథ్యాలను పక్కపక్కన పెట్టి చూడడమే ఇక్కడి ఉద్దేశం.

ఈ పనికి ఏ నేపథ్యం సరైనదన్న విషయంలో ప్రభుత్వాలకే ఏకాభిప్రాయం లేదు. భారతదేశంలో 1998లో జాతీయ భద్రతా సలహాదారు పదవి ఏర్పడినప్పటి నుంచి అయిదుగురు అందులో కూర్చున్నారు. వారిలో బ్రజేశ్ మిశ్రా, జె.ఎన్. దీక్షిత్, శివశంకర్ మేనన్ విదేశాంగ సర్వీసు నుంచి వచ్చారు, ఎం.కె. నారాయణన్, అజిత్ దోవల్ పోలీసు సర్వీసులో చేరి ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఎదిగారు. సైన్యం నుంచి ఒక్కరు కూడా లేరు. అమెరికాలో అదే పదవిలో హెన్రీ కిసింజర్, కాండొలీజా రైస్ వంటి ఆచార్యులూ, బ్రెంట్ స్కోక్రాఫ్ట్, కోలిన్ పావెల్, హెచ్.ఆర్. మెక్‌మాస్టర్ వంటి సైనికాధికారులూ కూర్చున్నారు. భారతదేశం సలహాదారులను ఎంచుకునే తీరులో ఒక లోటు ఉందని నా అభిప్రాయం, కానీ ఆ వాదన ఇక్కడ పెట్టను.

నేపథ్యం మారితే జవాబు ఎలా మారుతుందో ఒకే సంఘటన దగ్గర నిలబడి చూడవచ్చు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. తమవైపు నలుగురు చనిపోయారని చైనా 2021 ఫిబ్రవరిలో గానీ ఒప్పుకోలేదు. ఇన్ని ప్రాణాలు పోయినా ఒక్క తూటా కూడా ఎందుకు పేలలేదన్న ప్రశ్న మర్నాటి నుంచే మొదలైంది. దౌత్య సర్వీసు నుంచి వచ్చిన విదేశాంగ మంత్రి జైశంకర్, సైనికుల దగ్గర ఆయుధాలు ఉన్నాయనీ, చైనాతో కుదిరిన 1996, 2005 ఒప్పందాల ప్రకారం ఎదురెదురు పడినప్పుడు తుపాకులు వాడకపోవడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి అనీ వివరించారు. 1996 ఒప్పందం ఆరో అధికరణ వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులను నిషేధిస్తుంది కాబట్టి ఆ జవాబుకు కాగితం మీద ఆధారం ఉంది. ఉత్తర కమాండ్‌కు నాయకత్వం వహించిన విశ్రాంత లెఫ్టినెంట్ జనరల్ హెచ్.ఎస్. పనాగ్ దీన్ని ఒప్పుకోలేదు. ఆ ఒప్పందాలు సరిహద్దు నిర్వహణకు సంబంధించినవే తప్ప పోరాట పరిస్థితికి వర్తించవనీ, సైనికుల ప్రాణాలకు ముప్పు వచ్చినప్పుడు అక్కడున్న కమాండర్ తన చేతిలోని ఏ ఆయుధాన్నయినా వాడవచ్చనీ ఆయన వాదించారు. ఇద్దరూ చదివింది ఒకే అధికరణ. ఒకరు దాన్ని రెండు ప్రభుత్వాల మధ్య మాటగా చదివారు, మరొకరు చీకట్లో మనుషులను నడిపించే అధికారి చేతిలోని ఆదేశంగా చదివారు. చరిత్రకారుడు కూడా ఆ చర్చలో ఉండి ఉంటే, 1962 జులైలో ఇదే లోయలో భారత స్థావరాన్ని చైనా సైన్యం చుట్టుముట్టిన సంగతి గుర్తుచేసి, ప్రశ్నను ఒక రాత్రి నుంచి అరవై ఏళ్ల వెనక్కి లాగేవాడు.

విశ్రాంత సైనికాధికారి దగ్గర ఉన్న సంపద, కాగితం మీద సులువుగా కనిపించేది నేల మీద ఎంత కష్టమో తెలిసి ఉండడం. ‘రెండు బ్రిగేడ్లను లద్దాఖ్‌కు తరలిస్తే సరిపోతుంది’ అని ఎవరైనా రాస్తే, తొమ్మిది వేల అడుగులు దాటాక సైనికుడి శరీరం అలవాటు పడడానికి మూడు దశల్లో రెండు వారాలు పడుతుందని ఆయన వెంటనే చెబుతాడు. ఆ రెండు వారాల లెక్క లేని యుద్ధ వ్యూహం వట్టి ఊహాగానం. అయితే ఈ నేపథ్యం దగ్గరే పాఠకుడు ఎక్కువగా పప్పులో కాలేస్తాడు, ఎందుకంటే భుజం మీది నక్షత్రాలు కళ్లకు కడతాయి, ఏయే చోట్ల పనిచేశారన్నది కనిపించదు. సర్వీసంతా ఎడారిలో ట్యాంకు దళాలతో గడిపిన జనరల్ కంటే, లేహ్‌లోని 14వ కోర్‌లో పనిచేసిన కర్నల్ మాట వాస్తవాధీన రేఖ విషయంలో ఎక్కువ ఆనుతుంది. మలక్కా జలసంధి గురించి అడగవలసి వస్తే, నాకు తెలిసినంతలో, ఇద్దరినీ పక్కన పెట్టి నౌకాదళం నుంచి వచ్చినవారిని పిలవాలి.

రెండో ప్రమాదం కాలం. చైనా సైన్యం 2016 ఫిబ్రవరిలో తన ఏడు సైనిక ప్రాంతాలను రద్దు చేసి అయిదు థియేటర్ కమాండ్లుగా (ఒక ప్రాంతంలోని దళాలన్నింటినీ కలిపి నడిపే కమాండ్లు) మారింది, దానికి కాస్త ముందు రాకెట్ దళాన్ని ప్రత్యేక దళం చేసింది. అంతకు ముందే పదవీ విరమణ చేసి, ఆ తర్వాత కొత్తగా ఏమీ చదవని అధికారి వర్ణించే చైనా సైన్యం ఇప్పుడు లేదు. పదవీ విరమణ చేసిన ఏడాది అడగడం మర్యాద కాదనుకుంటే, పరిచయ వాక్యాల్లో వెతకవచ్చు, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

దౌత్యవేత్త బలం మరో చోట ఉంది. ఎదుటి పక్షం ఒక మాటను ఏ అర్థంలో వాడుతుందో, ఏ మాట దగ్గర మొండికేస్తుందో, ఏ మాటను వదులుకోవడానికి సిద్ధపడుతుందో బల్లకు అవతల కూర్చున్నవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. 1993 నాటి సరిహద్దు శాంతి ఒప్పందం తయారీలో పాలుపంచుకున్న శివశంకర్ మేనన్ గానీ, బీజింగ్‌లో రాయబారిగా పనిచేసి 2018 నుంచి 2020 వరకు విదేశాంగ కార్యదర్శిగా ఉన్న విజయ్ గోఖలే గానీ చైనా ప్రకటనను చదివే తీరు చూస్తే ఈ తేడా తెలుస్తుంది. మామూలు పాఠకుడు దాటేసే విశేషణం దగ్గర వారు ఆగుతారు. కానీ తాను కుదిర్చిన ఒప్పందం విఫలమైందని ఒప్పుకోవడం ఎంతటి మనిషికైనా కష్టం. కాబట్టి ఒక ఒప్పందం ఎలా పుట్టిందో దాన్ని రాసినవారిని అడగండి, అది ఇంకా బతికి ఉందా లేదా అన్నది మరొకరిని అడగండి.

దౌత్యవేత్తల మాట వినకపోతే ఏమవుతుందన్నదానికి కూడా ఆసియాలోనే ఉదాహరణ ఉంది. 1940ల్లో చైనాలో పనిచేసిన అమెరికా విదేశాంగ అధికారులు జాన్ సర్వీస్, జాన్ పేటన్ డేవిస్ తదితరులు అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కైషేక్ పాలన బోలుగా ఉందనీ, కమ్యూనిస్టులు బలపడుతున్నారనీ నివేదించారు. వారి అంచనా నిజమైంది, ఆ నిజం చెప్పినందుకే కమ్యూనిస్టు సానుభూతిపరుల వేట సాగిన మెకార్థీ కాలంలో వారి ఉద్యోగాలు పోయాయి. వియత్నాం యుద్ధం నాటికి అలాంటి లోతైన ఆసియా పరిచయం ఉన్నవారు విధాన నిర్ణేతల దగ్గర లేకుండా పోయారని రక్షణ మంత్రిగా ఉన్న రాబర్ట్ మెక్‌నమారా తర్వాతి కాలంలో తన జ్ఞాపకాల్లో స్వయంగా ఒప్పుకున్నారు. ఫోర్డ్ కంపెనీ నుంచి వచ్చిన మెక్‌నమారా లెక్కలు బాగా తెలిసిన మనిషి, ఆ లెక్కల్లో వియత్నాం చరిత్రకు గడి లేదు.

ఆచార్యుల దగ్గరికి వెళ్లవలసింది ‘ఇలా ఎన్నిసార్లు జరిగింది’ అన్న ప్రశ్నతో. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో పనిచేసే టేలర్ ఫ్రావెల్ 1949 తర్వాత చైనాకు ఉన్న భూవివాదాలన్నింటినీ వరుసగా పరిశీలించి, 23 వివాదాల్లో 17 చోట్ల చైనా ఏదో ఒక మేరకు రాజీపడిందని చూపించారు. చైనా ఎప్పుడూ అంగుళం కూడా వదలదని నమ్మేవారికీ, చైనాతో ఎప్పుడైనా సర్దుకోవచ్చని నమ్మేవారికీ ఆ లెక్క ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే భారత్‌తో ఉన్న వివాదం ఇప్పటికీ తేలలేదు. ఇలాంటి లెక్క తేల్చడానికి ఏళ్లు పడుతుంది, యూనిఫాంలో ఉన్నవారికి గానీ రాయబార కార్యాలయంలో ఉన్నవారికి గానీ ఆ తీరిక దొరకదు. లోపం కూడా అక్కడే ఉంది. నిన్న రాత్రి జరిగిన దాని మీద ఆచార్యుడి దగ్గర మనకంటే ఎక్కువ సమాచారం ఉండకపోవచ్చు. తన సిద్ధాంతంలో ఇమడని సంఘటనను మినహాయింపుగా కొట్టిపారేసే అలవాటు కూడా కొందరిలో కనిపిస్తుంది. భాష సంగతి మరీ ముఖ్యం. చైనా సైన్యం గురించి చైనా భాష రాకుండా రాసేవారి సంఖ్య చిన్నదేమీ కాదు, ఒక వ్యాసం ఆధారాల్లో అన్నీ ఇంగ్లిషువే ఉంటే ఆ రచయిత ఇతరులు వండినది వడ్డిస్తున్నట్టే లెక్క.

నిఘా సంస్థల నుంచి వచ్చినవారితో వేరే చిక్కు. తెలిసినది చెప్పలేరు, చెప్పేది ఎందుకు చెబుతున్నారో మనకు తెలియదు. 2021 మే నెలాఖరులో భారత ప్రభుత్వం పింఛను నిబంధనలు సవరించి, నిఘా, భద్రతా సంస్థల్లో పనిచేసి విరమించినవారు ఆ సంస్థ పరిధిలోని విషయాల మీద ముందస్తు అనుమతి లేకుండా ఏమీ ప్రచురించకూడదని కట్టడి చేసింది. అంటే ఆ నేపథ్యం నుంచి ఇప్పుడు వచ్చే పుస్తకం జల్లెడ పట్టాక వచ్చిందే అయి ఉంటుంది. ఒక సంస్థ లోపల నివేదికలు పైకి ఎలా వెళతాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్న విషయంలో వీరి మాట అమూల్యం. రహస్య సంఘటనల కథనాలను మాత్రం మరో ఆధారం దొరికేదాకా పక్కన ఉంచడం మంచిది.

అణ్వాయుధాలు, క్షిపణుల విషయంలో శాస్త్రవేత్తను అడగడమే సహజం, అక్కడ కూడా ఒక్కరితో ఆగకూడదు. 1998 పోఖ్రాన్ పరీక్షల్లో కీలక బాధ్యతలు నిర్వహించిన డీఆర్‌డీవో శాస్త్రవేత్త కె. సంతానం, హైడ్రోజన్ బాంబు పరీక్ష చెప్పినంత శక్తిని ఇవ్వలేదని 2009లో బహిరంగంగా ప్రకటించారు. అణుశక్తి శాఖ వైపు నుంచి ఆర్. చిదంబరం, అనిల్ కకోద్కర్ ఆ మాటను ఖండించారు. అందరూ ఆ పరీక్షను లోపలి నుంచి చూసినవారే. వారి సంస్థలు వేరు, వారు నమ్మిన పరికరాల కొలతలు వేరు. ‘లోపల ఉన్నారు కాబట్టి సత్యం వారికే తెలుసు’ అన్న నమ్మకాన్ని ఈ ఒక్క వివాదమే సడలిస్తుంది.

దీనికి తిరగబడిన ఉదాహరణ 2021లో వచ్చింది. కాలిఫోర్నియాలోని మిడిల్‌బరీ సంస్థలో పనిచేసే జెఫ్రీ లూయిస్, ఆయన సహచరుడు డెకర్ ఎవెలెత్ వాణిజ్య ఉపగ్రహ చిత్రాలను జల్లెడ పట్టి, గాన్సు రాష్ట్రంలోని యూమెన్ దగ్గర ఎడారిలో దాదాపు 120 క్షిపణి సైలోల (క్షిపణిని నిలువుగా నిలిపి ఉంచే భూగర్భ గోతుల) నిర్మాణాన్ని గుర్తించారు. మూడేసి కిలోమీటర్ల ఎడంతో, ఒకే కొలతలో, గుడారాల వంటి కప్పుల కింద తవ్వకం సాగుతుండడమే వారికి దొరికిన ఆనవాలు. ఏ రహస్య పత్రమూ చూడకుండా, ఓపికతో, పాత చిత్రాలతో పోల్చి చూసే నైపుణ్యంతో చేసిన పని అది. అయితే ఆ సైలోలన్నింటిలో క్షిపణులు పెడతారా, కొన్నింటిలో పెట్టి శత్రువును తికమక పెడతారా అన్నది చిత్రం చెప్పలేదు. ఉద్దేశం గురించి చిత్రాల నిపుణుడు మాట్లాడడం మొదలుపెట్టినప్పుడు ఆయన తన పరిధి దాటాడని గుర్తించాలి.

లెక్కల మనుషులను ఎవరూ సదస్సులకు పిలవరు, నన్నడిగితే ముందు పిలవవలసింది వారినే. భారత రక్షణ బడ్జెట్ 2025-26లో 6.81 లక్షల కోట్ల రూపాయలు అనగానే అదంతా ఆయుధాలకే అనుకునేవారు ఉన్నారు. అందులో దాదాపు 1.61 లక్షల కోట్లు పింఛన్లకు పోతాయి, కొత్త ఆయుధాలు, నిర్మాణాలు వచ్చే మూలధన పద్దు 1.80 లక్షల కోట్లు. జపాన్ 2022 డిసెంబరులో అయిదేళ్లకు 43 లక్షల కోట్ల యెన్లు ఖర్చు చేస్తామని ప్రకటించినప్పుడు వ్యూహ నిపుణులు దాన్ని చారిత్రక మలుపు అన్నారు, యెన్ విలువ పడిపోతే అదే మొత్తానికి అమెరికా నుంచి తక్కువ ఆయుధాలు వస్తాయని గుర్తుచేసింది పద్దులు చదివేవారే.

విలేకరుల గురించి రెండు మాటలు చాలు. వారి దగ్గర వేగం ఉంటుంది, వారికి సమాచారం ఇచ్చినవారి ప్రయోజనం కూడా ఆ వార్త వెంటే వస్తుంది. లద్దాఖ్ చొరబాట్ల తీవ్రతను 2020 మే నెలలో ముందుగా బయటపెట్టినవారిలో ఒకరైన అజయ్ శుక్లా పూర్వాశ్రమంలో సైన్యంలో కర్నల్ కావడం యాదృచ్ఛికం అనుకోను.

ఇక మేధో సంస్థలు (థింక్ ట్యాంకులు). ఇక్కడ వ్యక్తి నేపథ్యంతో పాటు సంస్థ ఆదాయమూ చూడాలి. 1965లో ఏర్పడి ఇప్పుడు మనోహర్ పారికర్ పేరుతో నడుస్తున్న ఢిల్లీలోని రక్షణ అధ్యయన సంస్థకు నిధులు రక్షణ శాఖవి. టోక్యోలోని జాతీయ రక్షణ అధ్యయన సంస్థ ఆ దేశ రక్షణ శాఖలో భాగం. అమెరికాలోని రాండ్ సంస్థకు అధిక ఆదాయం ప్రభుత్వ ఒప్పందాల నుంచి వస్తుంది. వాషింగ్టన్‌లోని సీఎస్ఐఎస్, సీఎన్ఏఎస్ వంటివి ఆయుధ కంపెనీల విరాళాలు కూడా తీసుకుంటాయి, దాతల జాబితాను తమ వెబ్‌సైట్లలో పెడతాయి. డబ్బు ఎవరిదో తెలిసినంత మాత్రాన వ్యాసం అబద్ధమైపోదు. ఫలానా యుద్ధవిమానం కొనాలని వాదించే వ్యాసాన్ని ఆ విమానం తయారుచేసే కంపెనీ విరాళం ఉన్న సంస్థ ప్రచురించినప్పుడు ఆ జాబితాను ఒకసారి తెరిచి చూడడం పాఠకుడి బాధ్యత.

అమెరికా నిపుణుల విషయంలో మరో చిక్కు, వారు ఒకే నేపథ్యంలో ఉండరు. కర్ట్ క్యాంప్‌బెల్ పరిచయాన్నే తీసుకోండి: హార్వర్డ్‌లో బోధన, 1990ల్లో రక్షణ శాఖలో ఆసియా బాధ్యత, 2007లో ఒక మేధో సంస్థ స్థాపన, 2009 నుంచి విదేశాంగ శాఖలో తూర్పు ఆసియా వ్యవహారాలు, 2013లో కంపెనీలకు సలహాలిచ్చే సొంత సంస్థ, 2021లో శ్వేతసౌధంలో ఇండో-పసిఫిక్ సమన్వయం, 2024లో విదేశాంగ ఉపమంత్రి పదవి. ఇలాంటివారికి ప్రభుత్వం లోపల నిర్ణయం ఎలా పుడుతుందో క్షుణ్ణంగా తెలుసు. ఒక వ్యాసం రాసిన నాటికి ఆయన ఈ వరుసలో ఎక్కడున్నారో చూసుకుంటేనే దాన్ని సరిగ్గా చదవగలం, ఎందుకంటే పదవికి బయట రాసిన వ్యాసం కొన్నిసార్లు పదవి కోసం పెట్టుకున్న దరఖాస్తులా కూడా ఉంటుంది.

చైనా నిపుణులను ఎంచుకునేటప్పుడు మరో తూకం వాడాలి. విశ్రాంత సీనియర్ కర్నల్ జౌ బో, ఆచార్యుడు యాన్ షుయెటోంగ్ ఇద్దరూ బీజింగ్‌లోని సింఘువా విశ్వవిద్యాలయం నుంచే మాట్లాడతారు, ఇంగ్లిషులో సులువుగా రాస్తారు. వారి మాటల్లో, బయటి ప్రపంచం ఏం వినాలని చైనా కోరుకుంటుందో స్పష్టంగా ఉంటుంది. యాన్ కొన్నిసార్లు అధికారిక వైఖరికి భిన్నమైన సూత్రాలు ప్రతిపాదించారు కూడా. చైనా సైన్యం తనలో తాను ఏమనుకుంటుందో తెలుసుకోవాలంటే మాత్రం ఆ సైన్యం తన మనుషుల కోసం తన భాషలో రాసుకున్నదే చదవాలి.

ఒకరితో సరిపెట్టకుండా బృందాన్ని కూర్చే వీలుంటే, 1999 జులైలో ఏర్పడిన కార్గిల్ సమీక్షా సంఘం కంటే మంచి నమూనా నాకు కనబడలేదు. అధ్యక్షుడు కె. సుబ్రహ్మణ్యం ఐఏఎస్ అధికారిగా మొదలై వ్యూహ అధ్యయనాలకు జీవితాన్ని అంకితం చేసినవారు (పైన చెప్పిన విదేశాంగ మంత్రికి ఆయన తండ్రి). లెఫ్టినెంట్ జనరల్ కె.కె. హజారీ సైనికుడు, బి.జి. వర్గీస్ సంపాదకుడు, సతీశ్ చంద్ర దౌత్యవేత్త. ఆ నివేదిక నిఘా లోపాలను, సైనిక లోపాలను, నిర్ణయ యంత్రాంగపు లోపాలను ఒకేచోట పెట్టగలిగింది, కొన్ని భాగాలు మినహాయించి పార్లమెంటు ముందుకు కూడా వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని పనిచేసిన మంత్రుల బృందం 2001లో సిఫారసు చేసిన త్రివిధ దళాధిపతి (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) పదవి 2020 జనవరిలో వాస్తవమైంది. 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు సైనికాధికారులు రాసిన నివేదిక ఇప్పటికీ అధికారికంగా వెలుగు చూడలేదు, దాని పరిధి కూడా సైనిక వ్యవహారాలకే కట్టుబడింది.

పేరున్నవారిని పిలిస్తే సభ నిండుతుంది, సరైన అంచనా దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు. నిపుణుల అంచనాల మీద పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ 284 మంది నిపుణుల దగ్గర సుమారు 82 వేల అంచనాలు సేకరించి సరిచూసినప్పుడు, ప్రసార మాధ్యమాల్లో ఎక్కువగా కనిపించేవారి అంచనాలు మిగతావారి కంటే అధ్వానంగా తేలాయి. ఒకే పెద్ద సూత్రంతో అన్నీ వివరించేవారి కంటే, అనేక చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసుకుని ఆచితూచి మాట్లాడేవారు మెరుగ్గా నిలిచారు. కాబట్టి ఎంపిక చేసేముందు ఆ వ్యక్తి అయిదేళ్ల కింద రాసినది ఒకటి తీసి చదవండి. తప్పు జరిగి ఉంటే ఆ తర్వాత ఎక్కడైనా ఒప్పుకున్నారా అన్నది డిగ్రీ కంటే, ర్యాంకు కంటే ఎక్కువ చెబుతుంది.

వేదిక మీద ఒక్క కుర్చీయే ఉంటే రెండు నేపథ్యాలు కలిసిన మనిషికి ఇస్తాను. సైన్యంలో ఆరేళ్లు పనిచేసి తర్వాత చరిత్రకారుడైన శ్రీనాథ్ రాఘవన్ అలాంటివారే. అమెరికా సైన్యం నుంచి లెఫ్టినెంట్ కర్నల్‌గా విరమించిన డెనిస్ బ్లాస్కో మరొకరు, ఆయన 1990ల్లో బీజింగ్‌లోనూ హాంకాంగ్‌లోనూ సైనిక అటాషేగా (దౌత్య కార్యాలయంలో సైన్యం తరఫు ప్రతినిధిగా) పనిచేశారు. చైనా సైనిక పత్రికలను ఏళ్ల తరబడి చదివి, ఆ సైన్యం తన కమాండర్ల గురించి తానే రాసుకునే ‘అయిదు అసమర్థతలు’ అన్న మాటను ఆయన ఇంగ్లిషు పాఠకుల ముందు పెట్టారు. పరిస్థితిని అంచనా వేయలేరు, పైవారి ఉద్దేశం గ్రహించలేరు, నిర్ణయం తీసుకోలేరు, దళాలను మోహరించలేరు, ఊహించనిది ఎదురైతే తట్టుకోలేరు అన్నవే ఆ అయిదు. భాష మాత్రమే వచ్చినవారు అది పార్టీ ఆత్మవిమర్శ శైలి అని దాటిపోయేవారు, సైన్యం మాత్రమే తెలిసినవారికి ఆ పత్రిక చేతికే వచ్చేది కాదు.